క్రూజ్ కంపెనీ ఇచ్చే ఫ్లైటా, మనం వేసుకునే ఫ్లైటా? తిరుపతి నుండి బయల్దేరేవాళ్ళ లెక్క

తిరుపతిలో ఏ ట్రావెల్ ఆఫీసుకి పోయి సింగపూర్ క్రూజ్ అడిగినా, లేకపోతే అమెరికాలో ఉండే కొడుకు బైరాగిపట్టెడలో ఉండే అమ్మానాన్నల కోసం అలాస్కా క్రూజ్ ఆన్‌లైన్‌లో బుక్ చేస్తున్నా, క్యాబిన్ సెలెక్ట్ చేసి పేర్లన్నీ కొట్టేసిన తర్వాత ఒక ప్రశ్న ఖాయంగా వస్తుంది, ఫ్లైట్ కూడా ఇందులోనే వేసేద్దామా అని. అక్కడ ఎక్కువమంది చేసేది ఒకటే, పక్క ట్యాబ్ తెరిచి అదే రోజుకి ఫ్లైట్ రేటు చూసి ఎక్కడ మూడు వేలు తక్కువుంటే అక్కడ కొనేయడం. రేటు చూడటం తప్పు కాదు, చూడాల్సిందే. కానీ ఇక్కడ రేటు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది, ఫ్లైట్ లేటయి ఓడ వెళ్ళిపోతే ఆ రాత్రి మన ఫోన్ ఎత్తాల్సిన బాధ్యత ఎవరిది, ఆ ఖర్చు ఎవరిది అని.

తిరుపతి వాళ్ళకి ఈ సంగతి చెప్పడం చాలా సులువు. మూడొందల రూపాయల దర్శనం టికెట్ ఒకచోట, రైలు టికెట్ ఇంకోచోట కొనుక్కుని వచ్చేవాళ్ళని ఇక్కడ రోజూ చూస్తాం, రైలు రెండు గంటలు లేటయి, స్టేషన్లో దిగీ దిగంగానే అలిపిరి వైపు ఉరుకుతూ, అన్నా కొంచెం తొందరగా పోనీ అన్నా అని జీపు డ్రైవర్ని బతిమాలుకుంటూ ఉంటారు. రైల్వే వాళ్ళకి ఆ స్లాట్‌తో సంబంధం లేదు, దేవస్థానం వాళ్ళకి ఆ రైలుతో సంబంధం లేదు, మధ్యలో ఏం జరిగినా భక్తుడే పడాలి. ఫ్లైట్, ఓడ విడివిడిగా కొన్నప్పుడు కూడా అంతే. కాకపోతే కొండ మీద లేటయితే అడగడానికి కనీసం ఎదురుగా ఒక మనిషి ఉంటాడు, రేవులో అయితే అడగడానికి ఓడే ఉండదు.

ఓడ సాయంత్రం నాలుగు గంటలకి కదులుతుంది అంటే మూడున్నరకి పోయినా చాలు అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. చెక్-ఇన్ మామూలుగా గంట నుండి గంటన్నర ముందే క్లోజ్ చేసేస్తారు, ఎందుకంటే ఓడలో ఎవరెవరు ఉన్నారు అనే లిస్టు బయల్దేరకముందే ఇమిగ్రేషన్ వాళ్ళకి పోవాలి. రేవులో ఆ బెర్తు, అంటే ఓడ నిలిపే చోటు, ఖాళీ చేయాలి, ఓడని బయటికి తీసుకెళ్ళే పైలట్‌కి టైమ్ ఇచ్చేసి ఉంటారు, మర్నాడు పొద్దున్నే ఇంకో రేవులో టైమ్‌కి చేరాలి. ఇద్దరు ముగ్గురి కోసం మూడు వేల మందిని ఆపరు. ఒకే ఫ్లైట్‌లో వందమంది దాకా వస్తుంటే కాసేపు ఆపే అవకాశం ఉంటుంది గానీ అది కెప్టెన్ ఇష్టం, కంపెనీ ఇచ్చిన మాట కాదు.

ఇప్పుడు క్రూజ్ కంపెనీ అమ్మే ఫ్లైట్ అంటే ఏంటో చూద్దాం. కంపెనీకి సొంత విమానాలు ఉండవు, మనం ఎక్కేది అవే ఎయిర్‌లైన్ల విమానాలే. పెద్ద క్రూజ్ కంపెనీలకి ఎయిర్‌లైన్లతో ఒప్పందాలు ఉంటాయి, మామూలు వెబ్‌సైట్‌లో కనపడని రేట్లు కొన్ని వాళ్ళ చేతిలో ఉంటాయి, వాటిని ఒక పేరు పెట్టి అమ్ముతారు. రాయల్ కరీబియన్ వాళ్ళది ఎయిర్ టు సీ అనే పేరుతో వచ్చింది, ప్రిన్సెస్ వాళ్ళది ఈజీఎయిర్, హాలండ్ అమెరికా వాళ్ళది ఫ్లైట్ ఈజ్. కొన్నింట్లో ఏ ఫ్లైటో మనమే చూసి ఎంచుకోవచ్చు. కొన్ని ప్యాకేజీల్లో అయితే ముందు డబ్బు కట్టించుకుని ఏ ఎయిర్‌లైన్, ఎక్కడ మారాలి అనేది బయల్దేరడానికి రెండు మూడు నెలల ముందు చెప్తారు, అది నచ్చక మార్చమంటే దానికి వేరే ఫీజు. ఈ రెండో రకం మన వాళ్ళకి ఎందుకు ప్రమాదమో కింద వీసాల దగ్గర చెప్పుకుందాం.

ఈ ఒప్పందం రేట్లు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది, ఒక ఊర్లో ఎక్కి ఇంకో ఊర్లో దిగే క్రూజ్. వాంకోవర్‌లో ఎక్కి అలాస్కాలో విట్టియర్ లేదా సీవర్డ్‌లో దిగేవి, బార్సిలోనాలో ఎక్కి రోమ్ రేవు అయిన చివిటావెక్కియాలో దిగేవి, యూరప్‌లో ఎక్కి అట్లాంటిక్ దాటి మయామీలో దిగేవి, ఇట్లాంటివి. దూరం దేశాల రూట్లలో వన్‌వే టికెట్ చాలాసార్లు రిటర్న్ టికెట్ అంత, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. క్రూజ్ కంపెనీ దగ్గర మాత్రం వన్‌వేకి సగం రేటే పడే ఒప్పందాలు ఉంటాయి. అట్లా అని వెంటనే కొనేయక్కర్లేదు, ఎయిర్‌లైన్ సైట్‌లోనే మల్టీ సిటీ అనే ఆప్షన్‌లో పోయేది ఒక ఊరికి, వచ్చేది ఇంకో ఊరి నుండి పెట్టి చూస్తే తేడా బాగా తగ్గిపోతుంది. రెండు వన్‌వేలు విడివిడిగా చూసి అమ్మో అనుకునేవాళ్ళు ఈ ఆప్షన్ తెలియకే అట్లా అనుకుంటారు.

ఇక అసలు వేరే దారే లేని క్రూజ్‌లు కొన్ని ఉన్నాయి. అంటార్కిటికా ఓడలు చాలావరకు అర్జెంటీనా చివరనున్న ఉషుఆయా నుండి పోతాయి, బ్యూనస్ ఎయిర్స్ నుండి అక్కడికి చాలా కంపెనీలు తమ ప్రయాణికుల కోసమే చార్టర్ విమానం పెడతాయి. గాలాపగోస్ కూడా అంతే, ఈక్వడార్‌లో కీటో లేదా గ్వాయాకిల్ నుండి దీవులకి పోయే ఫ్లైట్ ఓడ టైమ్‌తో కలిపే అమ్ముతారు. ఇట్లాంటి చోట తెలివి చూపించి విడిగా కొనడం అనవసరం, కంపెనీ విమానం ఎక్కేయడమే. ఆ ముక్క వరకే కంపెనీది, అక్కడిదాకా పోయేది మనది.

రౌండ్ ట్రిప్ క్రూజ్‌కి, అంటే ఎక్కిన చోటే దిగే వాటికి, రేటు విషయంలో కంపెనీకి పెద్ద పైచేయి ఏమీ లేదు. సింగపూర్‌లో ఎక్కి సింగపూర్‌లోనే దిగే క్రూజ్ అనుకోండి, చెన్నై నుండి సింగపూర్‌కి నాలుగు గంటల డైరెక్ట్ ఫ్లైట్, సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఇండిగో, ఎయిర్ ఇండియా, స్కూట్ ఇట్లా పోటీ ఉన్న రూట్ అది. పోటీ ఉన్న రూట్‌లో మధ్యలో ఇంకొకరు కూర్చుని మనకి ప్రత్యేకంగా తగ్గించేది ఏముంటుంది.

అందరూ కంపెనీ ఫ్లైట్ ఎందుకు కొంటారంటే భరోసా కోసం. ఏజెంట్ కూడా ఆ మాటే చెప్తాడు, సార్ మా ఫ్లైట్ అయితే ఓడ మీకోసం ఆగుతుంది సార్ అని. కాంట్రాక్ట్ చదివితే అట్లా ఉండదు. మా ద్వారా కొన్న ఫ్లైట్ లేటయితే మిమ్మల్ని వేరే ఫ్లైట్‌లో వేసి, ఓడ దొరక్కపోతే తర్వాతి రేవులో అందుకునేటట్టు ఏర్పాటు చేస్తాం, అంతవరకే. దీన్ని చిన్న విషయం అని తీసిపారేయకూడదు. రాత్రి పదకొండు గంటలకి పరాయి ఊరి ఎయిర్‌పోర్ట్‌లో, భాష సగం సగం తెలిసిన అరవై ఐదేళ్ళ మనిషికి, ఒక నంబరుకి ఫోన్ చేస్తే అవతల ఉన్నవాళ్ళకి ఓడ ఎక్కడుందో, తర్వాత ఎక్కడ ఆగుతుందో, ఏ ఫ్లైట్‌లో సీటుందో అన్నీ ఒకే స్క్రీన్ మీద కనపడటం అంటే చాలా పెద్ద సాయం. విడిగా కొన్నవాళ్ళకి ఆ పనంతా సొంతంగా, సొంత డబ్బుతో చేసుకోవాల్సి వస్తుంది. ఓడలో నష్టపోయిన రోజులకి డబ్బు మాత్రం రెండు పద్ధతుల్లోనూ మామూలుగా తిరిగి రాదు.

తర్వాతి రేవులో ఎక్కడం కూడా అన్నిసార్లూ కుదరదు. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ నడుస్తోంది, విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికుణ్ణి ఇంకో అమెరికా రేవులో దించకూడదు, మధ్యలో దూరపు విదేశీ రేవు తాకితే తప్ప. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి జెండాలవే. కాబట్టి సియాటెల్‌లో ఓడ మిస్ అయిన మనిషి అలాస్కాలోని జునోలో ఎక్కి సియాటెల్‌లో దిగుతానంటే కుదరకపోవచ్చు, ఎందుకంటే అప్పుడు ఆయన ప్రయాణం జునో నుండి సియాటెల్‌కి అయిపోతుంది, అవి రెండూ అమెరికా రేవులే, మధ్యలో తాకే కెనడా రేవు చట్టం లెక్కలో దూరపుది కాదు. సియాటెల్ అలాస్కా ఓడలన్నీ కెనడాలో విక్టోరియా దగ్గరో ఇంకోచోటో ఆగి రావడం వెనక ఉన్నది కూడా ఈ చట్టమే. ఈ చిక్కు ఎవరి ద్వారా ఫ్లైట్ కొన్నా ఒకటే. సియాటెల్ టికెట్ కొనేవాళ్ళు ఇది తెలుసుకుని బాగా ముందే చేరిపోవాలి.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం, ఎందుకంటే ఈ లెక్కంతా అమెరికాలో ఉన్నవాడికి ఒక రకంగా, తిరుపతిలో ఉన్నవాడికి ఇంకో రకంగా ఉంటుంది. క్రూజ్ కంపెనీల ఫ్లైట్ ప్రోగ్రాములు ఎక్కువగా అమెరికా, కెనడా, యూరప్ ప్రయాణికుల కోసం తయారైనవి. మన వైపు నుండి దొరికినా అది మొదలయ్యేది చెన్నైలోనో బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో. అంటే ఇంటి గేటు నుండి మీనంబాక్కంలోని చెన్నై ఎయిర్‌పోర్ట్ దాకా ఉన్న నూట ముప్పై, నూట నలభై కిలోమీటర్లు ఏ కంపెనీ భరోసాలోకీ రావు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో పోతే మూడు గంటలు, మూడున్నర అంటారు గానీ చెన్నై ఊరి బయట ట్రాఫిక్ పట్టుకుంటే ఆ లెక్క తప్పిపోతుంది. చిత్తూరు వాళ్ళకి చెన్నై, బెంగళూరు రెండూ అందుబాటే, పలమనేరు, పుంగనూరు వైపు వాళ్ళకి కోలార్ మీదుగా దేవనహళ్ళిలోని బెంగళూరు ఎయిర్‌పోర్ట్ నయం, కాకపోతే హోసకోట దగ్గరికి వచ్చేసరికి అక్కడా ఇదే కథ.

మన సీజన్ ఇంకో సమస్య. అక్టోబర్ నుండి డిసెంబర్ దాకా మనకి ఈశాన్య రుతుపవనాలు, సింగపూర్ క్రూజ్‌లకి మనోళ్ళు ఎక్కువగా సెలవులు పెట్టుకునేది కూడా డిసెంబర్‌లోనే. 2015 డిసెంబర్ వరదల్లో చెన్నై ఎయిర్‌పోర్ట్ రోజుల తరబడి మూతపడింది. 2021 నవంబర్‌లో తిరుపతి ఎట్లా మునిగిందో ఇక్కడ ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు, ఘాట్ రోడ్డు దెబ్బతినింది, రైళ్ళు ఆగిపోయినాయి. 2023 డిసెంబర్ 4న మిచాంగ్ తుఫానుకి చెన్నై రన్‌వే మీద నీళ్ళు నిలిచి విమానాలు ఆపేశారు. ఇవన్నీ ఎప్పుడో జరిగినవి అనుకోవద్దు, ఎనిమిదేళ్ళలో మూడు సార్లు అంటే లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే. అట్లాంటి రోజు కంపెనీ ఫ్లైట్ టికెట్ ఉన్నవాడు చెన్నై చేరలేకపోతే, ఫ్లైట్ మాత్రం టైమ్‌కే ఎగిరిపోతే, కంపెనీ చేసేది ఏమీ ఉండదు, నువ్వే ఎయిర్‌పోర్ట్‌కి రాలేదు కదా అంటారు.

కారు వద్దు, రేణిగుంటలో ఉన్న తిరుపతి ఎయిర్‌పోర్ట్ నుండే ఎగిరిపోదాం అనుకునేవాళ్ళు ఉన్నారు, ఆలోచన మంచిదే గానీ టికెట్ ఎట్లా కొన్నారు అనేదాని మీద అంతా ఉంది. రేణిగుంట నుండి హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్ నుండి విదేశం ఇంకో టికెట్ అయితే మొదటిది లేటయినందుకు రెండో ఎయిర్‌లైన్ జవాబుదారీ కాదు, నో-షో, అంటే మనిషి రాలేదు అని వేసి, మొత్తం కొట్టేస్తారు. రెండూ ఒకే పీఎన్ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబరు మీద ఉంటే మాత్రం తర్వాతి ఫ్లైట్‌లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. సామాను దగ్గర కూడా ఇదే తేడా, విడి డొమెస్టిక్ టికెట్ మీద మామూలుగా పదిహేను కిలోలు, అంతర్జాతీయ టికెట్ మీద ఇరవై మూడో ముప్పయ్యో ఉంటుంది. పచ్చళ్ళు, పొడులు, స్వెట్టర్లు, ఓడలో ఫార్మల్ నైట్‌కి పట్టుచీరలు అన్నీ సర్దుకుని రేణిగుంట కౌంటర్ దగ్గర పెట్టె విప్పి కూర్చోవాల్సి వస్తుంది. ఒకే టికెట్ అయితే పెద్ద లెక్కే మొదటి నుండి చివరిదాకా నడుస్తుంది, పెట్టె కూడా చాలావరకు నేరుగా చివరి ఊరికి పోతుంది.

ఈ ఒకే పీఎన్ఆర్ అనే మాటని గట్టిగా పట్టుకోవాలి. క్రూజ్ ఫ్లైట్ మంచిదా సొంత ఫ్లైట్ మంచిదా అనే వాదనలో సగం గొడవ సొంత ఫ్లైట్ అంటే నాలుగు ముక్కలుగా చవగ్గా కొన్న టికెట్లు అనుకోవడం వల్ల వస్తుంది. ఎయిర్‌లైన్ సైట్‌లో చెన్నై నుండి బార్సిలోనా దాకా ఒకే టికెట్ కొన్నవాడికి దోహాలోనో దుబాయ్‌లోనో కనెక్షన్ తప్పినా తర్వాతి విమానంలో సీటు వస్తుంది. అంటే కంపెనీ ఇచ్చే భరోసాలో విమానం వరకు ఉన్న భాగం ఎట్లాగూ దొరుకుతోంది, మిగిలింది విమానానికి ఓడకి మధ్యలో ఉన్న ఖాళీ ఒక్కటే. ఆ ఖాళీని పూడ్చడానికి ఒక రాత్రి హోటల్ చాలు.

వీసాల దగ్గర మన పాస్‌పోర్ట్ వాళ్ళు చాలా జాగ్రత్తగా ఉండాలి. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాడికి లండన్‌లో మారినా ఇస్తాంబుల్‌లో మారినా ఒకటే, అందుకే క్రూజ్ కంపెనీ సిస్టమ్ ఏ రూట్ చవగ్గా దొరికితే అది వేసేస్తుంది. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో లండన్‌లో విమానం మారాలంటే ట్రాన్సిట్ వీసా రూల్ ఉంది, అమెరికా, కెనడా లాంటి దేశాల చెల్లే వీసా ఉంటే మినహాయింపు దొరుకుతుంది గానీ మధ్యధరా క్రూజ్ కోసం తీసుకున్న మామూలు షెంజెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే) విజిట్ వీసాతో ఆ మినహాయింపు రాదు. అమెరికాలో అయితే ఎయిర్‌పోర్ట్‌లో మారడానికి కూడా వీసా ఉండాల్సిందే. టికెట్లు రెండు ముక్కలైతే ఇంకో చిక్కు, మధ్య ఊర్లో పెట్టె తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, అంటే ఆ దేశంలోకి పోవడానికి వీసా కావాలి. డబ్బు కట్టిన తర్వాత ఎప్పుడో రూట్ చెప్పే ప్యాకేజీ మన వాళ్ళు తీసుకోకూడదు అనేది ఇందుకే. మారే ఊరు ముందే తెలియాలి, మనమే ఎంచుకోవాలి.

ఓడ ఆగే రేవుల వీసా సంగతి ఫ్లైట్‌తో సంబంధం లేనిదే అయినా ఒక్క మాట చెప్పుకోవాలి. సింగపూర్‌లో దిగి, ఓడ ఎక్కి, తిరిగి సింగపూర్‌కే వస్తే అది రెండుసార్లు దేశంలోకి పోయినట్టు, కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ ఉందా అని వీసా కాగితం మీద చూసుకోవాలి. గ్రీస్ నుండి టర్కీ పోయి మళ్ళీ గ్రీస్ వచ్చే ఓడకి షెంజెన్ కూడా అంతే. సియాటెల్‌లో ఎక్కే అలాస్కా ఓడకి అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కూడా.

పేర్ల గొడవ చదివితే చిన్నదే అనిపిస్తుంది, కౌంటర్ దగ్గర మాత్రం చాలా ఏడిపిస్తుంది. మన జిల్లాల్లో పాత పాస్‌పోర్ట్‌లు చాలావాటిలో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి ఇంటిపేరుతో సహా మొత్తం గివెన్ నేమ్‌లోనే ఉంటుంది, లేదా ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. ఎయిర్‌లైన్ ఫారంలో లాస్ట్ నేమ్ ఖాళీ వదలనివ్వదు, ఒక్కో ఎయిర్‌లైన్ ఒక్కో రకంగా నింపమంటుంది, కొందరు ఉన్న పేరునే రెండుసార్లు వేయమంటారు, అమెరికా వీసా మీద అయితే సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళ పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని అర్థం) అని వచ్చి ఉంటుంది. క్రూజ్ కంపెనీ ద్వారా ఫ్లైట్ కొంటే క్రూజ్ బుకింగ్‌లో కొట్టిన పేరే నేరుగా ఫ్లైట్ టికెట్‌లోకి పోతుంది, అక్కడ తప్పు ఉంటే రెండు చోట్లా తప్పే. దిద్దించాలంటే ఎయిర్‌లైన్ వాళ్ళు మీ క్రూజ్ కంపెనీని అడగండి అంటారు, క్రూజ్ వాళ్ళు మీ ఏజెంట్‌ని అడగండి అంటారు, ఏజెంట్ ఆదివారం ఫోన్ ఎత్తడు. సొంతంగా కొన్న టికెట్ అయితే నేరుగా ఎయిర్‌లైన్‌తో మాట్లాడి తేల్చుకోవచ్చు. ఎట్లా కొన్నా పాస్‌పోర్ట్ మొదటి పేజీ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూసుకుని కొట్టాలి, నాన్నా నీ పూర్తి పేరు ఇంగ్లీషులో ఎట్లా రాస్తావు అని ఫోన్‌లో అడిగి కొట్టే పని అసలు పెట్టుకోవద్దు.

డబ్బు విషయంలో రెండు వైపులా ప్లస్సులు ఉన్నాయి. ప్రిన్సెస్ లాంటి వాటిలో ఫ్లెక్సిబుల్ రకం ఫ్లైట్ తీసుకుంటే క్రూజ్ ఫైనల్ పేమెంట్ దాకా డబ్బు కట్టకుండానే రేటు పట్టి పెట్టుకోవచ్చు, మధ్యలో తగ్గితే మార్చుకోవచ్చు. ఇది నిజంగా మంచి సౌకర్యం, అమెరికా నుండి ఎగిరే పిల్లలు దీన్ని వాడుకోవచ్చు. సొంత టికెట్‌కి డబ్బు ఈరోజే పోతుంది, చవక రకం అయితే క్యాన్సిల్ చేస్తే పెద్దగా తిరిగి రాదు. ఇంకో పక్క కంపెనీ ఒప్పందం రేట్ల మీద కొన్నిసార్లు ఎయిర్‌లైన్ ఇచ్చే మైల్స్ పాయింట్లు రావు, సీటు ముందే ఎంచుకోనివ్వరు, భార్యాభర్తలకి పక్కపక్కన సీట్లు కావాలన్నా మళ్ళీ డబ్బులు.

మన దేశంలో టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళు బిల్లులోనే ముందుగా వసూలు చేసే ఇన్‌కమ్ టాక్స్, లెక్క కూడా చూడాలి. 2023 జూన్ 30న ఇన్‌కమ్ టాక్స్ బోర్డు సీబీడీటీ ఇచ్చిన 10వ నంబరు సర్క్యులర్ ప్రకారం ఉత్త అంతర్జాతీయ ఫ్లైట్ టికెట్ ఒక్కటే కొంటే అది విదేశీ టూర్ ప్యాకేజీ కాదు, టికెట్, బస, అట్లాంటి ఇతర ఖర్చుల్లో కనీసం రెండు కలిస్తేనే ప్యాకేజీ. అంటే ఇక్కడి ఏజెంట్ దగ్గర క్రూజ్‌లో ఫ్లైట్ కలిపి ఒకే బిల్లు వేయిస్తే ఫ్లైట్ డబ్బు మీద కూడా టీసీఎస్ పడుతుంది, విడిగా కొన్న ఫ్లైట్ మీద పడదు. 2023 అక్టోబర్‌లో ఇది ఏడు లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతంగా ఉండేది, ఆ తర్వాత మారుతూ వచ్చింది, కాబట్టి కట్టే రోజున ఉన్న రేటు బిల్లు మీద చూసుకోవాలి. ఈ డబ్బు ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, పోయేది కాదు. కానీ రిటర్న్ వేయని పెన్షనర్లకి అది అట్లాగే ఇరుక్కుపోతుంది, వాళ్ళకి ఎవరూ చెప్పరు కూడా.

హక్కుల సంగతి చూస్తే విమానం వరకు చట్టాలు బాగానే ఉన్నాయి, ఎవరి ద్వారా కొన్నా ఎయిర్‌లైన్ మీద హక్కు ప్రయాణికుడిదే. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూల్ ప్రకారం రెండు వారాల ముందు చెప్పకుండా ఫ్లైట్ క్యాన్సిల్ చేసి, సరైన వేరే ఫ్లైట్ కూడా చూపించకపోతే, ప్రయాణ సమయాన్ని బట్టి 10,000 రూపాయల దాకా పరిహారం ఉంది, తుఫాను లాంటి కారణాలకి మాత్రం ఉండదు. యూరప్ నుండి ఎగిరే విమానాలకి 250 నుండి 600 యూరోల దాకా ఇచ్చే రూల్ ఉంది. వీటిల్లో ఏదీ పోయిన క్రూజ్ ఖరీదుకి దగ్గరికి కూడా రాదు. క్రూజ్ కాంట్రాక్ట్‌ది వేరే లోకం, పెద్ద అమెరికన్ కంపెనీల టికెట్ వెనకాల కేసు వేస్తే ఫ్లోరిడాలోనో ఇంకో చోటో వేయాలి అని రాసి ఉంటుంది, అట్లాంటి షరతు చెల్లుతుందని కార్నివాల్ అనే క్రూజ్ కంపెనీ కేసులో అమెరికా సుప్రీం కోర్టు 1991లోనే చెప్పేసింది. దానికి ఎదురుగా మన 2019 వినియోగదారుల చట్టం ఉంది, ఇక్కడి ఏజెంట్ దగ్గర కొన్నవాళ్ళు తాము ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. ఓడ ఆగుతుంది సార్ అని ఏజెంట్ నోటితో చెప్పిన మాటని వాట్సాప్‌లో రాయించుకుంటే అది అప్పుడు పనికొస్తుంది, అందుకే రాయించుకోవాలి.

మరి ఒక రాత్రి ముందు పోవాలా, అదే రోజు పోయినా సరిపోతుందా? ఇక్కడ గంటలు లెక్కపెట్టకూడదు, ఈ ఫ్లైట్ పోతే ఓడ టైమ్‌లోపల దించే ఫ్లైట్లు ఇంకా ఎన్ని మిగిలి ఉన్నాయి అని లెక్కపెట్టాలి. చెన్నైలో అర్ధరాత్రి ఎక్కితే సింగపూర్‌లో పొద్దున్నే దిగుతారు, ఓడ సాయంత్రం, చాంగీ ఎయిర్‌పోర్ట్ నుండి మెరీనా బే క్రూజ్ సెంటర్‌కి టాక్సీలో అరగంట. తొమ్మిది పది గంటలు చేతిలో ఉన్నట్టు కనపడుతుంది. ఆ ఫ్లైట్ క్యాన్సిల్ అయితే పొద్దున బయల్దేరే ఒకటో రెండో మాత్రమే పనికొస్తాయి, సింగపూర్ టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి ఇక్కడ తొమ్మిదికి ఎగిరితే అక్కడ దిగేసరికి మూడున్నర, చెక్-ఇన్ మూసేసి ఉంటారు, అది కూడా డిసెంబర్ సెలవుల్లో సీటు దొరికితే. బార్సిలోనాకి అయితే చెన్నై నుండి డైరెక్టే లేదు, ఒక కనెక్షన్ తప్పితే చేరేది మర్నాడే. కాబట్టి సింగపూర్‌కి ఒక రాత్రి ముందు, యూరప్, అమెరికాలకి రెండు రాత్రులు ముందు చేరాలి. వర్షాకాలం అయితే దీనికి ఇంకో రాత్రి చెన్నైలోనే, ఎయిర్‌పోర్ట్ దగ్గర.

ఈ హోటల్ ఖర్చుని దండగ అనుకునేవాళ్ళు ఇట్లా చూడాలి. నలుగురి కుటుంబానికి సింగపూర్‌లో ఒక రాత్రికి పన్నెండు పదిహేను వేలు అనుకుందాం, ఓడకి కట్టింది రెండున్నర లక్షలు అనుకుందాం. రెండున్నర లక్షలు కాపాడుకోవడానికి పదిహేను వేలు పెట్టడం, అది కూడా ఊరు చూసి, నిద్రపోయి, తీరిగ్గా ఇడ్లీ తిని ఓడ ఎక్కడానికి. కంపెనీ ఫ్లైట్ తీసుకుని అదే రోజు పోయేవాడికి ఈ పదిహేను వేలు మిగులుతాయి నిజమే, కానీ ఏదైనా జరిగితే ఆయనకి దక్కేది తర్వాతి రేవులో ఎక్కించే ప్రయత్నమే, మొదటి రెండు రోజులు పోయినట్టే. ముందు రోజు చేరినవాడికి అసలు ఆ అవసరమే రాదు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ట్రిప్ డిలే అనే మాట చూసి ఆగిపోవద్దు, అందులో వచ్చేది గంటల లెక్కన చిన్న మొత్తం. మిస్డ్ కనెక్షన్ అనే చోట ఓడని కూడా కనెక్షన్‌గా లెక్కేస్తారా లేదా అని పాలసీ కాగితంలో వెతకాలి, లేకపోతే ఆ కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు రాతలో తెప్పించుకోవాలి. ఫ్లైట్ లేటయిన రోజు ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గర డిలే సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి, ఇంటికొచ్చాక అడిగితే వారాలు తిప్పుతారు.

కాబట్టి తిరుపతి, చిత్తూరు నుండి బయల్దేరే పెద్దవాళ్ళకి, రౌండ్ ట్రిప్ క్రూజ్ అయితే, సొంతంగా ఒకే పీఎన్ఆర్ మీద కొన్న టికెట్, ముందు రాత్రి హోటల్, ఇదే మేలు. కంపెనీ ఫ్లైట్ వన్‌వే క్రూజ్‌లకి, చార్టర్ తప్ప దారిలేని చోట్లకి, అమెరికాలోనే ఉండి అక్కడే ఎగిరే పిల్లలకి పెట్టుకోవాలి. పిల్లలు డల్లాస్ నుండి, అమ్మానాన్నలు చెన్నై నుండి వచ్చి ఒకే ఓడ ఎక్కే కుటుంబాల్లో రెండు పద్ధతులూ కలిసి ఉన్నా తప్పేం లేదు, అందరికీ ఒకటే ఉండాలని పట్టుబట్టి పెద్దవాళ్ళని మూడు విమానాలు మారే రూట్‌లో వేయడమే తప్పు. అసలు విమానమే వద్దనుకునేవాళ్ళకి చెన్నై రేవు ఉంది, 2022 జూన్‌లో కార్డీలియా ఓడ అక్కడి నుండి మొదలైంది, ఆ సీజన్‌లో అక్కడి నుండి ఓడ ఉంటే తిరుపతి వాళ్ళకి ఒక కారు సరిపోతుంది.

తిరుగు ప్రయాణంలో తొందరపడి పొద్దున ఫ్లైట్ వేసుకోవద్దు. ఓడ ఆరింటికే రేవు చేరినా దిగడం, పెట్టెలు వెతుక్కోవడం, ఇమిగ్రేషన్ అయ్యేసరికి పది దాటుతుంది, పొగమంచుకో ఎవరికైనా ఒంట్లో బాగోక ఓడ దారి మళ్ళించడానికో ఇంకా లేటయితే అది కూడా మన నెత్తినే. రోమ్ అంటారు గానీ చివిటావెక్కియా నుండి ఎయిర్‌పోర్ట్‌కి గంట పైనే, సౌతాంప్టన్ నుండి హీత్రూకి గంటన్నర దగ్గర. మధ్యాహ్నం రెండు తర్వాత ఎగిరే ఫ్లైట్ వేసుకోవాలి, సింగపూర్ నుండి అయితే రాత్రి ఫ్లైట్. చెన్నైలో అర్ధరాత్రి దాటాక దిగి, వెయిటింగ్ హాల్లో కాసేపు నడుం వాల్చి, పొద్దున్నే సెంట్రల్లో సప్తగిరి ఎక్కితే పదింటికల్లా తిరుపతి స్టేషన్లో ఉంటారు, ఈ చివరి ముక్క లేటయినా పోయే ఓడ ఏదీ ఉండదు.